ద్రాక్షల డబ్బాలో శుక్రవారం మాత్రలు

ఆ రోజు శనివారం. మరుసటి రోజు మా చర్చి సంఘంలో ప్రభు భోజన సంస్కారం, అందరం రొట్టె, ద్రాక్షరసం తీసుకునే రోజు. నెలకోసారి వచ్చే ఆ ఆదివారం కోసం ముందురోజు నల్ల ఎండుద్రాక్షలు నానబెట్టి, ఉడకబెట్టి, పలచటి గుడ్డలో పిండి రసం తీయడం మా ఇంటి పని. మా అమ్మ చేసేది, ఆమె పోయాక నాకు వచ్చింది. బల్ల మీద పరిచే తెల్లగుడ్డ ఉతికి ఇస్త్రీ చేసేదీ నేనే. ఆ పొద్దు గుడ్డ మడతపెడుతుంటే దగ్గు తెర వచ్చింది. గుడ్డ మీద పడకూడదని నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. తీసి చూస్తే ఎర్రటి చార.

భయపడ్డానా? లేదు. మాది బళ్ళారి జిల్లా సండూరు తాలూకా బండ్రి. ఇనుప ఖనిజం గనులు జోరుగా నడుస్తున్న ఏళ్ళవి. తెల్లారింది మొదలు టిప్పర్లే టిప్పర్లు. ఇంటి కప్పులు ఎరుపు, చెట్ల ఆకులు ఎరుపు, ఆరేసిన బట్టలు ఎరుపు. ముక్కు చీదితే ఎరుపు, ఎవరు ఉమ్మినా ఎరుపే. అందుకని నా కొంగు మీదున్నది నెత్తురని నాకు తట్టనే లేదు. దుమ్మనుకుని ఉతికేసుకున్నాను. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మనిషి తన నెత్తురును తాను గుర్తుపట్టలేనంత దుమ్ము ఊరి మీద పోశారు కదా, వాళ్ళ ఇళ్ళు చల్లగా ఉండ!

పక్క ఊరి ప్రైవేటు క్లినిక్కులో డస్ట్ అలర్జీ అన్నారు. సిరప్ ఇచ్చారు. రెండు నెలలు సీసాల మీద సీసాలు తాగాను. సాయంత్రమైతే జ్వరం, జాకెట్లు వదులైపోయాయి. మా ఆయన ప్రకాశం టైర్లకు పంక్చర్లు వేసే మనిషి. తక్కువ మాట్లాడతాడు. ఒకరోజు దుకాణం మూసేసి వచ్చి, "సిరప్పు చాలు సుగుణా, లెయ్యి. సర్కారాసుపత్రికి పోదాం" అన్నాడు. అక్కడ రెండు డబ్బీల్లో కఫం తీసుకున్నారు, ఎక్స్‌రే తీశారు. డాక్టరమ్మ కన్నడ మనిషి, మాతో తెలుగు కలిపి మాట్లాడేది. ఫిల్మును కిటికీ వెలుతురుకు పెట్టి చూపించింది.

"స్పుటమ్ పాజిటివ్. టీబీ ఇది. ఆరు తింగళు కోర్స్. సోమ, బుధ, శుక్రవారం మాత్రలు. ఒక్క డోసు బిడబారదు, తెలిసిందా?"

ఆరు నెలల మందు, ఒక్క డోసు కూడా వదలకూడదని. తెలిసిందని తలూపాను.

మొదటి రెండు నెలలు మా వీధి ఆశా కార్యకర్త గంగమ్మ ఇంటికి పోయి, ఆమె ఎదుటే మాత్రలు మింగాలి. వాటితో మూత్రం కూడా ఎర్రగా వస్తుందని ముందే చెప్పింది కాబట్టి బతికిపోయాను. రెండు నెలలకు జ్వరం పోయింది, ఆకలి పుట్టింది. మళ్ళీ కఫం పరీక్ష చేస్తే నెగటివ్. ఆ కాగితం పట్టుకుని నేరుగా మా సంఘపెద్ద దావీదప్ప దగ్గరికి పోయాను. రోగం బయటపడ్డప్పుడే ఆయన నన్ను బల్ల దగ్గరికి రావద్దన్నాడు. ద్రాక్షరసం పని కూడా తన కోడలికి అప్పగించాడు. మా సంఘంలో అందరికీ ఒకటే గిన్నె. మోకాళ్ళూని ఉన్నవాళ్ళ నోటికి పాస్టరు అయ్యగారు అందిస్తూ, తెల్లగుడ్డతో అంచు తుడుస్తూ పోతారు. "గిన్నెలో రోగం లేదు, గాలిలో ఉంది. దగ్గేటప్పుడు నోరు మూసుకో" అని డాక్టరమ్మ చెప్పింది. నెత్తురు పడుతున్న నెలల్లో వాళ్ళ పక్కనే కూర్చుని గంటసేపు పాటలు పాడాను, అప్పుడు ఎవరికీ అభ్యంతరం లేదు. మందు పడి నయమవుతుంటే మాత్రం నేను అంటరాని దాన్నయ్యాను.

దావీదప్ప కాగితం వైపు చూడనే లేదు.

"రిపోర్టు సంగతి కాదు సుగుణమ్మా. యోగ్యత లేకుండా తిన్నోళ్ళకి రోగాలొస్తాయని ప్రతినెలా వాక్యం వింటాండావు కదా? నిన్ను నువ్వు పరీక్షించుకో. మనసులో ఎవురి మీదైనా కోపం పెట్టుకోని ఆ రొట్టె తింటివా లేదా?"

తిన్నాను. ఆ కోపం ఆయన మీదే.

దగ్గు మొదలవడానికి కొన్ని నెలల ముందు సంగతి. దావీదప్పకు నాలుగు టిప్పర్లు ఉండేవి. మట్టి మీద టార్పాలిన్ పట్ట కప్పకుండా మా వీధిలోంచే తోలేవాళ్ళు. ఒకరోజు ఇస్త్రీ చేసిన బల్లగుడ్డ మీద బెత్తెడు దుమ్ము పడింది. చీపురుతోనే రోడ్డు మీదికి పోయి టిప్పరు ఆపాను. ఆ బండిలో ఆయనే ఉన్నాడు, దిగి వచ్చాడు. "పట్ట కప్పేకి ఏం రోగమప్పా నీకు?" అని అరిచాను. ఇంకా నాలుగు మాటలు అన్నాను, అవి ఇక్కడ రాయలేను. "నువ్వెవరమ్మా నాకు చెప్పేకి?" అని ఆయన పోయాడు. సంస్కారానికి ముందు శనివారం సాయంత్రం మాకు సిద్ధపాటు ప్రార్థన ఉంటుంది. మాటామాటా అనుకున్నవాళ్ళు అక్కడ అందరి ముందూ చెయ్యి కలిపి క్షమించమని అడగాలి. అప్పుడే మరునాడు బల్ల దగ్గరికి రావాలి. ఆ శనివారం నేను పోలేదు. ఆదివారం మాత్రం పోయి రొట్టె తిన్నాను.

అంటే నా రోగానికి కారణం నేనే అన్నమాట! దుమ్ము కాదు, క్రిమి కాదు, రెండు నెలలు సిరప్పు తాగించిన వాళ్ళు కాదు. పట్ట కప్పమని అడిగిన నా కోపం. ఇప్పుడు రాస్తుంటే నవ్వు, ఏడుపు రెండూ వస్తున్నాయి గాని, ఆ రోజు నమ్మేశాను. చిన్నప్పటి నుంచి ప్రతినెలా విన్న వాక్యం అది. రోగంతో సగమైన మనిషికి అలాంటి మాట ఎముకల దాకా దిగుతుంది.

యోగ్యురాలిని కావాలని శుక్రవారాలు ఉపవాసం పట్టాను. మా ఉపవాసమంటే సాయంత్రం ప్రార్థన అయ్యేదాకా గుటక నీళ్ళు కూడా దిగకూడదు. శుక్రవారం మాత్రల రోజు కూడా. మూడో నెల నుంచి గంగమ్మ వారానికో స్ట్రిప్ ఇచ్చి, సోమవారం డోసు ఎదుటే మింగించి, మిగతావి ఇంట్లో వేసుకోమనేది. ఖాళీ స్ట్రిప్ తెచ్చి చూపితే చాలు. నేను శుక్రవారం మాత్రలు స్ట్రిప్‌లోంచి నొక్కి తీసి, పనిలేక అలమారలో పడున్న ద్రాక్షల డబ్బాలో వేసేదాన్ని. రెండు తెల్లమాత్రలు, ఒక ఎర్ర క్యాప్సూల్. శనివారం వేసుకోవచ్చు కదా అంటారేమో. శనివారానికి ఒంట్లో బాగానే ఉండేది, అదే నా ఉపవాసానికి జవాబు అనుకునేదాన్ని. వారానికి మూడు డోసుల్లో ఒకటి పోతోందన్న లెక్క నా బుర్రకు ఎక్కలేదు. అట్లా పన్నెండు శుక్రవారాలు.

"అన్నీ ఏస్కుంటాండావా అక్కా?" అని గంగమ్మ ప్రతివారం అడిగేది.

"ఏస్కుంటాండా" అని, పరిశుద్ధురాలిని కావడం కోసం ప్రతివారం అబద్ధం ఆడాను.

ఐదో నెలలో జ్వరం తిరిగొచ్చింది. దగ్గితే నెత్తురు, ఈసారి దుమ్మనుకోవడానికి వీల్లేనంత. కఫం పరీక్షలో మళ్ళీ పాజిటివ్. డాక్టరమ్మ కార్డు తిప్పి తిప్పి చూసింది. అన్ని గడుల్లో టిక్కులే. "కార్డు సరిగా ఇదె. సుళ్ళు యారు హేళ్తిరోదు?" అంది. కార్డు సరిగ్గానే ఉంది, అబద్ధం చెబుతున్నది ఎవరని. గంగమ్మ ముఖం పాలిపోయింది. నా మూలంగా ఆ పిల్ల మాట పడకూడదని డబ్బా సంగతి అంతా చెప్పేశాను.

డాక్టరమ్మ పెన్ను బల్ల మీద కొట్టింది. "ఏనమ్మా! నిమ్మ దేవరు మాత్రె బేడ అంత హేళిద్దానా?" మీ దేవుడేమైనా మాత్రలు వద్దన్నాడా అని. తర్వాత గొంతు తగ్గించి, "అది ఖాళీ కడుపుతో వేసుకునే మాత్రేనమ్మా. ఉపవాసం ఉండి కూడా వేసుకోవచ్చు. ఒక గ్లాసు నీళ్ళు సాకు, అంతే చాలు" అంది.

ఒక గ్లాసు నీళ్ళు! ఆ గ్లాసు నీళ్ళకు నేను ఎనిమిది నెలలు చెల్లించాను. కేటగిరీ టూ అన్నారు, రోగం తిరగబెట్టినవాళ్ళకు ఇచ్చే ఎనిమిది నెలల కోర్సు. మొదటి రెండు నెలలు మాత్రలతో పాటు స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు. పిరుదులు గడ్డలు కట్టేవి, చెవుల్లో హోరు, లేచి నిలబడితే గోడ తిరిగేది. మా ఆయన పంక్చర్ల పని మానుకుని వంట నేర్చుకున్నాడు. గంగమ్మ నాతో పదిరోజులు మాట్లాడలేదు. మాట్లాడకుండానే డోసు ఉన్న రోజల్లా వచ్చి మాత్ర నోట్లో వేయించి, నాలుక ఎత్తించి చూసి పోయేది.

ఆ మంచం మీద ఉన్నప్పుడే మా పాస్టరు అయ్యగారు చూడటానికి వచ్చారు. ఆయన బళ్ళారిలో ఉంటారు, మా దగ్గరికి నెలకోసారి సంస్కారం ఇవ్వడానికే వస్తారు. నేను యోగ్యత లేకుండా తిన్నందుకేనా అయ్యగారూ, అని అడిగాను. ఆయన బైబిలు తెరిచారు.

"ఆ వాక్యం పైనుంచి చదవాలమ్మా. అది ఏ సంఘానికి రాసినారో, దాంట్లో డబ్బు ఉన్నోళ్ళు ముందొచ్చి కడుపునిండా తినేసేవాళ్ళు. లేనోళ్ళు పని ముగించుకోని వచ్చేసరికి ఏమీ మిగిలేది కాదు. వాళ్ళని సిగ్గుపరిచినారని తిట్టింది అది. ఒకే రొట్టె తింటా పక్కోణ్ణి మనిషిగా చూడకపోవడమే అయోగ్యత. ఇంకోటి, పరీక్షించుకోమన్నది ఎవురిని వాళ్ళు. పరీక్షించుకోని తినమన్నాడు ఆ వాక్యం రాసినాయన, మానుకోమని యాడా అనలేదు."

నాకు ఓదార్పు రాలేదు. మండింది. "ఈ మాట ఇన్నేళ్ళలో ఒక్క ఆదివారమైనా చెప్పింటే ఏం పోయేదయ్యగారూ? ప్రతినెలా రోగాల మాట దగ్గర మొదలుపెట్టి చదువుతారు, పైన ఉండేది ఎందుకు చదవరు?" అన్నాను. మా ఆయన కళ్ళతో వద్దన్నాడు. అయ్యగారు తల దించుకుని, "తప్పే అమ్మా" అన్నారు.

ఎనిమిది నెలలూ ఒక్క డోసు వదలకుండా ముగించాను. చివరి కఫం పరీక్ష నెగటివ్. ఆ నెల సిద్ధపాటు ప్రార్థనకు పోయి, అందరి ముందూ లేచి నిలబడ్డాను.

"దావీదప్పా, రోడ్డు మీద నిన్ను తిట్టిన బూతు మాటలకి క్షమించు. అది నా తప్పే. పట్ట కప్పమన్నేదానికి మాత్రం క్షమాపణ అడగను. ఇప్పుడూ కప్పమనే చెప్తాండా. మా వీధి పిల్లోళ్ళంతా దగ్గుతాండారు. నువ్వు కూడా లేచి, కప్పకపోయింది తప్పేనని చెప్పు, ఇద్దరం చెయ్యి కలిపి రేపు తిందాం."

చెయ్యి చాచి నిలబడ్డాను. ఆయన లేవలేదు. కూర్చున్న చోటే, "ఇది ప్రార్థనమ్మా, పంచాయితీ కాదు" అన్నాడు. నా చెయ్యి అట్లాగే ఉండిపోయింది. వెనక బెంచీలోంచి మా ఆయన లేచి వచ్చి, ఆ చెయ్యి పట్టుకుని నన్ను కూర్చోబెట్టాడు.

ఆదివారం పోయాను. మోకాళ్ళూనాను. అయ్యగారు ఆ రోజు వాక్యం పైనుంచి చదివారు, ఉన్నోళ్ళు లేనోళ్ళు అంతా. రొట్టె ముక్క నా అరచేతిలో పెట్టారు. గిన్నె నా నోటికి అందించారు. పద్నాలుగు నెలల తర్వాత ఆ రసం గొంతు దిగుతుంటే ఏడ్చేశాను, సిగ్గుపడలేదు. నా తర్వాతి చోటు దావీదప్పది. కళ్ళు తుడుచుకుని చూస్తే అక్కడ ఎవరూ లేరు. ఆయన లేచి వెళ్ళిపోయాడు.

ఆ మరుసటి నెలకు సంఘానికి కొత్తవి వచ్చాయి. బొటనవేలంత స్టీలు గిన్నెలు, మనిషికొకటి. దావీదప్ప కానుక. ఆరోగ్యం కోసమట! టిప్పరుకు పట్ట కప్పడానికి చేయి రాని మనిషికి మా ఆరోగ్యం మీద అంత ప్రేమ. అయ్యగారు కాదనలేకపోయారు. ఇప్పుడు గనులు మూతపడి టిప్పర్లు లేవు. ఆయన కోడలు హొసపేటకు వెళ్ళిపోవడంతో ద్రాక్షరసం పని తిరిగి నాకే వచ్చింది. ఆ చిన్న గిన్నెలన్నీ కడిగేదీ నేనే. మెట్లెక్కితే కొంచెం ఆయాసం, ఎడమ చెవి సగమే వినిపిస్తుంది. తక్కినదంతా బాగుంది. దావీదప్ప ఈనాటికీ నాతో మాట్లాడడు, నేను కడిగిన గిన్నెలో మాత్రం ప్రతినెలా తాగుతాడు.

ఆ పాత ద్రాక్షల డబ్బా గంగమ్మ ఇంట్లో ఉంది. మాత్రలు అట్లాగే ఉన్నాయి, క్యాప్సూళ్ళు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఉపవాసమనో, ఒక్కపొద్దనో, రంజాను రోజా అనో ఎవరైనా డోసు దాటేస్తానంటే గంగమ్మ నన్ను పిలుస్తుంది. నేను మూత తీసి చూపిస్తాను.

ఇది చదివేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే. అన్నం మానుకోవాలనుకుంటే డాక్టరును అడిగి మానుకోండి, మాత్ర మాత్రం మానుకోవద్దు. మీ రోగం మీ పాపమని ఎవరైనా వాక్యం పట్టుకుని ఇంటికొస్తే, గడపలోనే నిలబెట్టి, ముందు వాళ్ళ ఎదుటే ఒక గ్లాసు నీళ్ళతో మాత్ర మింగండి. మాత్ర మింగిన నోటితో ఆ రొట్టె తినొచ్చు. నేను తింటున్నాను.