గండికి మిగలని రీలు

మెడలో కెమెరా వేలాడుతుంటే చాలు, మనిషి జానెడు పొడుగైనట్టు అనిపించే కాలం అది. డెబ్బైల చివరి సంవత్సరాలు. మా అనంతపురంలో వానలు రావడం మానేసి చాలాకాలమైంది. నాలాంటి డిగ్రీ కుర్రాళ్లకు ఉద్యోగాలు రావడం అంతకంటే ముందే మానేశాయి. పొద్దున లేస్తే చేయడానికి రెండే పనులు: కాసేపు ఆకాశం వంక చూడడం, కాసేపు పోస్ట్‌మ్యాన్ వంక చూడడం. పైనుంచీ ఏమీ పడేది కాదు, ఆయన సంచిలోంచీ ఏమీ పడేది కాదు. వేరుశనగ వేసిన రైతుల మొహాలూ, దరఖాస్తులు వేసిన మా మొహాలూ ఒకే రంగులో ఉండేవి (అద్దంలో చూసుకునే చెబుతున్నాను). అలాంటి రోజుల్లో ఒక పెళ్లిలో మా మద్రాసు మామ కనిపించాడు. ఆయన ఏదో వారపత్రికలో పనిచేసేవాడు. విస్తరి ముందు కూర్చుని, రెండో విడత బూరె తింటూ, "మీ జిల్లాలో జనం చూడని చోటు ఏదైనా ఉంటే కలర్ ఫోటోలు తీసుకురావోయ్. బాగుంటే మా ఎడిటరు గారి దగ్గర నీ ఉద్యోగం మాట ఎత్తుతాను" అన్నాడు. బూరె రుచికి అన్నాడో, నా మీద జాలితో అన్నాడో తెలియదు. నేను మాత్రం ఆ క్షణం నుంచే మద్రాసులో అద్దె గది వెతుక్కోవడం మొదలుపెట్టాను, మనసులో.

ఆ పెళ్లికి ఫోటోలు తీస్తున్నవాడు మా మేనత్త కొడుకే. పేరు లైటు బావ. స్టూడియోలో పని. తాళి కట్టబోతున్న పెళ్లికొడుకును "ఆగప్పా, లైటు రాల్యా" అని చేయి పైకెత్తి ఆపించి, పురోహితుడి చేత తిట్లు తిన్న ఘనుడు కాబట్టి ఆ పేరు. చోటు సంగతి చెప్పగానే వాడి కళ్లు వెలిగాయి. కణేకల్ అవతల హగరి ఏటి పొడుగునా ఇసుక దిబ్బలుంటాయనీ, వాటిని దాటి పోతే పాత వరదలు కోసేసిన ఎర్రటి గండి ఒకటి ఉందనీ, సాయంత్రం ఎండ పడితే దాని గోడలు నిప్పుల్లా మండుతాయనీ ఎవరో లారీ డ్రైవరు వాడికి చెప్పాడట. "రేయ్, సినిమాలల్లో చూపిచ్చే ఎడారి మాదిరి ఉంటాదంట. మన పక్కనే పెట్టుకోని మనమే చూడల్యా" అన్నాడు. కలర్ రీలు మా ఊళ్లో అంత తేలిగ్గా దొరికేది కాదు. బావ బెంగుళూరులో ఎవరినో బతిమాలి ఒకే ఒక్కటి తెప్పించాడు. ఎండకు పాడవకుండా దాన్ని డబ్బాలో పెట్టి, పసిబిడ్డలా తడిగుడ్డలో చుట్టి, బస్సులో ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు. నేను మూడుకాళ్ల స్టాండు పట్టుకుని, కండక్టరు మూతి విరుపులు భరిస్తూ నిలబడ్డాను.

కణేకల్‌లో దిగి ఇసుకలో పడ్డాం. ఎండాకాలం ఇసుక మీద నడక గురించి నాకు అంతకుముందు ఏ అభిప్రాయమూ లేదు. ఆ రోజు ఏర్పడింది. ఒక అడుగు ముందుకు వేస్తే అర అడుగు వెనక్కి జారుతుంది. చెప్పుల్లోకి దూరిన ఇసుక పెనం మీది ఉప్పులా కాలుతుంది. చెప్పులు విప్పితే ఇంకా కాలుతుంది. చూపు ఆనినంత మేరా తుమ్మ ముళ్లు, ఎండిన ఏరు, గాలికి లేచే సన్నటి దుమ్ము. మధ్యాహ్నానికి సీసాలో నీళ్లు అయిపోయాయి (సగం బావే వాడాడు, తాగడానికి కాదు, రీలు వేడెక్కకుండా కెమెరా సంచి మీద చల్లడానికి). అదృష్టం కొద్దీ ఒక చిన్న పల్లె కనిపించింది. నీళ్లు అడుగుదామని అటు తిరిగాం. నా భుజం మీద స్టాండు, బావ మెడలో కెమెరా. అంతే, మా కథ అడ్డం తిరిగింది.

అరుగు మీద కూర్చున్న ఒక తాత మమ్మల్ని చూసి తలగుడ్డ సర్దుకుంటూ లేచాడు. "ఏమప్పా, ఇన్నాళ్లకు మా ఊరికి దోవ కనపడెనా? కరువు ఫోటోలు తీయను ఆఫీసర్లు వస్తారు వస్తారు అని చెప్పి సంవత్సరమాయె."

"మేము గవర్నమెంటోళ్లం కాదు తాతా" అన్నాను. "ఆ గండి ఉండాది చూడు, దాన్ని ఫోటో తీయను పోతాండాం."

తాత నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "గండి యాడికి పోతాదప్పా? మా తాత నాటి నుంచీ ఆడే పడి ఉండాది. ఈ ఎద్దు రేపటికి ఉంటాదో లేదో. ముందు దీన్ని తియ్యి."

ఎద్దును చూశాం. పక్కటెముకల మీద తోలు ఆరేసినట్టుంది. బావ నా వైపు చూశాడు, నేను బావ వైపు చూశాను. "ఒగటే బావా" అని గొణిగాను. అప్పటికే తాత దాని నుదుట కుంకుమ పెట్టి, ఎక్కడిదో పాత గంట తెచ్చి మెడలో కట్టి, పక్కన తనూ నిటారుగా నిలబడ్డాడు. బావ నొక్కాడు. ఆ చప్పుడుకు ఊరంతా బయటికి వచ్చింది.

ఇక మా మాట వినేవాళ్లు లేరు. ఎండిన బావి తియ్యమని ఒకరు, ఇంతెత్తున కూడా లేవని చేను తియ్యమని ఒకరు. బావి దగ్గర నిలబడమంటే ఆడవాళ్లు ఇళ్లలోకి పరుగెత్తారు. బయటికి వచ్చేసరికి చూడాలి! పెట్టెల అడుగు నుంచి తీసిన ధర్మవరం పట్టుచీరలు, తలకు నూనె, మొహాలకు పసుపు. అప్పుడే కాపురానికి వచ్చినట్టున్న ఒక పిల్లయితే చేతులకు గాజులు కూడా మార్చుకుని వచ్చింది. "అమ్మా, ఇట్ల కాదు, ఇందాక ఎట్లుంటిరో అట్లే ఉండండి" అని బావ వేడుకున్నాడు. ఒక పెద్దామె గట్టిగా కసిరింది. "ఏమి నాయనా, పేపర్లో పడేది చిరిగిన కోకతోనా? కరువు మాకు వచ్చింది గానీ మా మానానికి రాల్యా." మొహం కడుక్కోవడానికి వాళ్లు కుండ అడుగు నుంచి తీసుకున్న నీళ్లలోనే మాకూ చెరో లోటా ఇచ్చారు. ఆ నీళ్లు తాగాక కాదనడం ఎలా?

నేను బావ చెవిలో, "ఊరికే నొక్కినట్టు చెయ్యి, గండికి మిగిలిచ్చు" అన్నాను. వాడు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. "అంత నీళ్లు పోసి మొగం కడుక్కొనొచ్చినారు రా. దొంగ నొక్కుడు నాతో కాదు" అన్నాడు. చివరికి మేం బయల్దేరుతుంటే ఒక ముసలామె మేకను చంకన పెట్టుకుని అడ్డం వచ్చింది. తనకెవరూ లేరట, ఆ మేకే కూతురట. బావ నొక్కాడు. "ఇంకా మిగిలింది లే" అన్నాడు నాతో, నా మొహం చూడకుండా.

పొద్దు వాలుతుండగా గండి అంచుకు చేరాం. లారీ డ్రైవరు అబద్ధం చెప్పలేదు. తక్కువ చెప్పాడు. కాళ్ల కింద భూమి ఒక్కసారిగా చీలిపోయి, ఎర్రటి గోడలు వంకరలు తిరుగుతూ కిందికి దిగిపోయాయి. ఒక్కో పొర ఒక్కో ఎరుపు. ఎండ పడ్డచోట కుంపట్లో బొగ్గులా కణకణమంటోంది. అడుగున ఎప్పటి నీళ్లో గీసిపోయిన తెల్లటి ఇసుక చార. మా కరువు నేలలో ఇంత అందం దాక్కుని ఉందా అనిపించింది. బావ స్టాండు నిలబెట్టాడు, కన్ను ఆనించాడు, "లైటు వచ్చింది రా" అన్నాడు. రీలు తిప్పే మీట లాగాడు. అది కదల్లేదు. మళ్లీ లాగాడు. అలాగే ఇసుకలో చతికిలబడి, పెద్దమనిషి, వెక్కి వెక్కి ఏడ్చాడు. నా మద్రాసు గది, అందులోని బల్ల, కుర్చీ అన్నీ ఒక్కటొక్కటిగా ఆ గండిలోకి జారిపోవడం నేను కళ్లారా చూశాను. చేసేది లేక, ఎండ పోయేదాకా ఇద్దరం వంతులవారీగా ఆ ఖాళీ కెమెరాలోంచి గండిని చూస్తూ కూర్చున్నాం.

ఉన్న ఫోటోలే మద్రాసు మామకు పంపాను, కరువు గురించి కన్నీళ్లు కారేలా రాసి. తర్వాత మా ఊరు వచ్చినప్పుడు ఆయన వాటిని నా ముందు పరిచి, "కరువంటావు, ఇది చూస్తే ఎవరిదో పెళ్లి ఆల్బంలా ఉందేమిటోయ్?" అన్నాడు. నిజమే. పట్టుచీరలు, పసుపు మొహాలు, కుంకుమ పెట్టుకున్న ఎద్దు, అందరూ నవ్వుతున్నారు. ఏడుపుగా ఉన్నది బావి ఒక్కటే. ఉద్యోగం మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

చాలా రోజులు ఆ ఫోటోలను చూడబుద్ధి కాలేదు. బావే ఒకరోజు వచ్చి, "ఎవురి మొగాలు వాళ్లకు ఇచ్చొద్దాం రా" అన్నాడు. వెళ్లాం. ఆ పల్లెలో చాలా ఇళ్లకు తాళాలు. పని వెతుక్కుంటూ బళ్లారి వైపు పోయారట. గాజులు మార్చుకుని వచ్చిన పిల్ల ఫోటో ఎవరికివ్వాలో తెలియక పక్కింటివాళ్లకు ఇచ్చాం. ఎద్దు లేదు. తాత ఉన్నాడు. ఫోటోను కళ్లకు దగ్గరగా, దూరంగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. "నాకంటే వాడే బాగొచ్చినాడప్పా" అన్నాడు, ఎద్దు మొహం మీద వేలు పెట్టి. తర్వాత మర్యాదకు అన్నట్టు అడిగాడు. "అవునూ, మీ గండి ఎట్లొచ్చింది?"

"రాల్యా తాతా. ఈడనే రీలు అయిపాయె."

తాత మొహం పాలిపోయింది. తప్పంతా తనదే అయినట్టు అరుగు మీంచి లేచాడు. "అయ్యో, ఒక మాట చెప్పకూడదాప్పా? ఆ మేకనన్నా ఆపిచ్చుందుమే!"

తిరుగు బస్సు ఎక్కేదాకా మేం బిగబట్టుకున్నాం. ఎక్కాక ముందు బావ మొదలుపెట్టాడు. నవ్వీ నవ్వీ, ఇద్దరికీ కళ్లలో నీళ్లు తిరిగి, అవి ఎందుకు ఆగడం లేదో మాకే తెలియక, కిటికీల వైపు చెరోపక్కకు తిరిగి కూర్చున్నాం. నేను ఆ తర్వాత ఈ అనంతపురంలోనే ఒక చిన్న ఆఫీసులో చేరి, ఇక్కడే తల నెరిపించుకున్నాను. మద్రాసు చూశాను గానీ, పెళ్లిళ్లకూ ఆసుపత్రులకూ మాత్రమే. అప్పుడప్పుడు అనిపిస్తుంది, ఒక్క రీలుతో ఈ నేల దాటి పోవచ్చని నమ్మి, భుజాన స్టాండేసుకుని ఇసుకలో జారుతూ నడిచిన ఆ కుర్రాడు ఇప్పుడు ఎదురుపడితే ఏం చెప్పాలా అని. ఏమీ చెప్పను. చెప్పులు విప్పి ఇసుక దులుపుకోమని, కూర్చోబెట్టి ఒక లోటా నీళ్లు ఇస్తాను.