ఆర్డిత్ కుట్టిన ఎలుగుబంటి

నెబ్రాస్కాలో మొక్కజొన్న చేల నడుమ ఉన్న ఆ ఊరి హైస్కూల్లో ఆరిన్ వావ్రా ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశాడు. వరండాలు తుడిచాడు, బాయిలరు చూసుకున్నాడు, బిగుసుకుపోయిన లాకర్లను పిడికిలితో ఒక్క గుద్దు గుద్ది తెరిచాడు. నడుముకు వేలాడే తాళాలగుత్తి చప్పుడును బట్టే అతనెటు నుంచి వస్తున్నాడో పిల్లలు చెప్పేసేవారు. మాట తక్కువ మనిషి. భార్య ఆర్డిత్ బతికున్నన్నాళ్లూ ఇద్దరి వాటా మాటలూ ఆవిడే మాట్లాడేది.

స్కూలు జట్టు గుర్తు ఎలుగుబంటి. ఆటల రోజున ఎవరో ఒక విద్యార్థి వేసుకుని గంతులేసే ఆ వేషాన్ని ఆర్డితే కుట్టింది, ఆరిన్ ఉద్యోగంలో చేరిన ఏడాది. దాన్ని ఉతికి, ఆరేసి, బాయిలరు గది పక్క బీరువాలో పెట్టి తాళం వెయ్యడం ఆరిన్ పని. ఆ తాళానికి చెవి ఒక్కటే. అది అతని గుత్తిలోనే ఉండేది.

ఆర్డిత్ పోయిన నాలుగో ఏడు, సెప్టెంబరు చివర, హోమ్‌కమింగ్ వారం వచ్చింది. శుక్రవారం ఆటకి పాత విద్యార్థులంతా ఊరికి తిరిగొస్తారు. ఈలోగా బళ్లో రోజుకో వేషం. సోమవారం పిల్లలు పడుకునే బట్టల్లోనే వచ్చారు. గురువారం ముసలివాళ్లలా తయారయ్యారు. ఆ ఏడు ఎలుగుబంటి వేషం కట్టే కెల్సీ బ్రాంట్ అనే అమ్మాయి తెల్ల విగ్గు పెట్టుకుని, నడుముకి తాళాలు వేలాడదీసుకుని, ఆరిన్ వెనకే కుంటుతూ నడిచింది.

“ఏం పిల్లా, నన్ను వెక్కిరిస్తున్నావా?”

“లేదండీ వావ్రా గారూ, నేర్చుకుంటున్నాను. రేపు మీరు రిటైరైతే ఈ స్కూలెవరు తుడుస్తారు?”

“ముందు ఆ ఎలుగుబంటి తలకాయలో చూయింగ్ గమ్ అంటించకుండా ఉండటం నేర్చుకో.”

మర్నాడు పదకొండింటికి కెల్సీకి ఒళ్లు కాలిపోయే జ్వరం వచ్చింది. వాళ్లమ్మ కారులో ఇంటికి తీసుకుపోయింది. బడి వంటశాలలో పనిచేసే నడీన్ ఆ కబురు మోసుకొచ్చింది.

“ఇక ఎలుగుబంటి లేనట్టే. నువ్వేసుకోరాదటయ్యా ఆరిన్? గంతులెయ్యకపోయినా నిలబడితే చాలు.”

“నిలబడ్డానికి నీ మోకాళ్లు అప్పిస్తావా?”

మధ్యాహ్నం రెండింటికి స్కూలంతా ఆటల హాల్లో చేరింది. డ్రమ్ములు మోగుతున్నాయి. ఆరిన్ తలుపు దగ్గర చీపురుకర్రకి ఆనుకుని నిలబడ్డాడు. అప్పుడు ఎదుటి పక్క తలుపు తెరుచుకుని ఎలుగుబంటి లోపలికొచ్చింది.

పిల్లలు ఈలలేశారు. ఎవడో తాళం పగలగొట్టాడనుకున్నాడు ఆరిన్. ఎలుగుబంటి హాలు మధ్యకొచ్చి ఆగింది. రెండు పంజాలనూ పొట్టకేసి, ఇటోసారి అటోసారి, నెమ్మదిగా తుడుచుకుంది. తర్వాత వాటిని తలపైకెత్తి చప్పట్లు కొట్టింది.

ఆ తుడుచుకోవడాన్ని ఆరిన్ గుర్తుపట్టాడు. పాతికేళ్ల కిందట వంటింట్లో ఆర్డిత్ ఆ వేషాన్ని తనే తొడుక్కుని కొలత చూసుకుంది. ఒంటిమీద ఏప్రాన్ లేదన్న సంగతి మరిచిపోయి, అలాగే పొట్టకి చేతులు తుడుచుకుంది. తన పరాకుకి తనే పగలబడి నవ్వుతూ చప్పట్లు కొట్టి, భోజనాల బల్ల చుట్టూ నాట్యం చేసింది. అది చూసినవాడు ఆరిన్ ఒక్కడే. ఆవిడ మళ్లీ ఎన్నడూ దాన్ని వేసుకోలేదు.

హాలు మధ్య ఖాళీలో ఎలుగుబంటి ఆడుతోంది. మధ్యలో ఏమీ లేదు. అయినా అది దేనికో తగలకుండా పక్కకి ఒదుగుతూ గుండ్రంగా తిరుగుతోంది. ఒక పంజా నడుమెత్తున గాలిలో ఆనించి, అక్కడేదో అంచున్నట్టు దాని వెంబడే జరుపుకుంటూ పోతోంది. పిల్లలు అదో తమాషా అనుకుని నవ్వుతున్నారు.

ఆరిన్ చీపురు అక్కడే వదిలేసి బీరువా దగ్గరికి పరుగెత్తాడు. తాళం వేసినట్టే ఉంది. తీశాడు. లోపల ఉత్త హ్యాంగరు వేలాడుతోంది. అలవాటు కొద్దీ మళ్లీ తాళం వేశాడు. తిరిగొచ్చేసరికి పిల్లలు బెంచీలు దిగుతున్నారు.

“ఎలుగుబంటి ఎటు పోయింది?” అని ఒక పిల్లనడిగాడు.

“మీ బాయిలరు గదివైపే వెళ్లిందిగా.”

అటు ఉన్నది ఒక్కటే వరండా. ఇప్పుడు తను వచ్చింది దానిగుండానే. ఎవరూ ఎదురుపడలేదు. ఆరిన్ మళ్లీ వెళ్లాడు. వేసిన తాళం వేసినట్టే ఉంది. తలుపు తీస్తే వేషం హ్యాంగరుకుంది, తలకాయ పై అరలో ఉంది. మెడ సందులోంచి లోపలికి చెయ్యి పెట్టాడు. వెచ్చగా ఉంది.

నడీన్‌కి చెప్పాడు. ఆవిడ వెంటనే కెల్సీ ఇంటికి ఫోన్ చేసింది. పిల్ల వచ్చినప్పటి నుంచీ పడుకునే ఉందనీ, తను పక్కనే కూర్చున్నాననీ తల్లి చెప్పింది. నడీన్ ఫోన్ పెట్టేసింది.

“ఎంతసేపు ఆడింది?” అన్నాడు ఆరిన్. “నేను తాళం చూసుకోడానికి పోయాను.”

“చాలాసేపే ఆడిందయ్యా. నువ్వెళ్లాక ఇంకా చాలాసేపు.” ఆవిడ తడబడింది. “ఆఖర్న ఆగిపోయి తలుపు వైపే చూస్తూ నిలబడింది. ఎవరైనా వచ్చారేమోనని నేనూ తిరిగి చూశాను. అక్కడ నీ చీపురు తప్ప ఏం లేదు.”

ఆ సాయంత్రం ఆటకి ఆరిన్ వెళ్లలేదు. భయం రెండు మూడు రోజుల్లో పోయింది. పోనిది వేరే ఒకటుంది. కళ్లెదుట ఆడుతుంటే చూడకుండా తాళం చూసుకోవడానికి పోయినందుకు తనను తాను క్షమించుకోలేకపోయాడు.

ఆ తర్వాత ఇంకో ఐదేళ్లు ఉద్యోగం చేశాడు. ఏటా హోమ్‌కమింగ్ శుక్రవారం ఒంటిగంటన్నరకే హాలు తలుపు దగ్గర నిలబడేవాడు. కెల్సీ కెల్సీలాగే ఆడింది, ఆమె తర్వాతి పిల్లలు వాళ్లలాగే ఆడారు. అతను రిటైరైన ఏడు స్కూలు కొత్త వేషం తెప్పించింది. పాతది ఇంటికి తీసుకెళ్లమని ప్రిన్సిపాల్ అంది.

“వద్దమ్మా,” అన్నాడు ఆరిన్. “అది ఆడేది ఇక్కడ. ఇక్కడే ఉండనీండి.” బీరువా తాళంచెవి ఆమె చేతికివ్వబోయి, ఆగి, తన జేబులోనే వేసుకున్నాడు. “ఇక తాళం వెయ్యొద్దు. తలుపు ఊరికే దగ్గరగా వేసి ఉంచండి,” అన్నాడు.