కొబ్బరికాయ లేచిన చోటికి నా ప్రయాణం

బోధన్ వెళ్లడానికి కారణం ఒక కొబ్బరికాయ. హైదరాబాద్ హాస్టల్లో నా గదిలో ఉండే లావణ్యది బోధన్ పక్క పల్లె. వాళ్ల నాన్న గంగారాం గారి చెరుకు తోటలో రెండు బోర్లు ఎండిపోయాయి. ఎవరో అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని తోటంతా తిరిగితే ఒకచోట అది నిటారుగా లేచిందట. మూడో బోరు అక్కడే వేయిస్తానని ఆయన పట్టుబట్టారు. సోమవారం బోరు బండి వస్తుంది.

"మా మాట ఇంటలేడే. నువ్వు నీళ్ల మీద పీహెచ్‌డీ చేస్తున్నవని బాపుకు మస్తు గౌరవం. గక్కడ నీళ్లు లెవ్వని ఒక్క మాట చెప్పిరా, జర," అంది లావణ్య.

నా తల్లీ! నా నీళ్లు వేరు. అవి కంప్యూటర్లో, వెంట్రుక కన్నా వేలవేల రెట్లు సన్నని కార్బన్ గొట్టంలో ఉంటాయి. అయినా బాపు కొత్త బెల్లం ఇచ్చి పంపుతాడని ఆశపెట్టేసరికి ఒప్పేసుకున్నాను.

ఆదివారం పొద్దున కాచిగూడలో రైలెక్కాను. బాసర వెళ్లేవాళ్లతో జనరల్ పెట్టె కిటకిట. కామారెడ్డిలో దిగాల్సిన ఆడవాళ్లు కొందరు నడవలో ఇరుక్కుపోయారు. వాళ్లలో పెద్దావిడ, "ఒకల కొంగు ఒకలు పట్టుండ్రి, ఇడువకుండ్రి!" అని కేకేసింది. అంతే, ఒకరి వెనక ఒకరు సర్రున జారిపోయారు. నేను చప్పట్లు కొట్టబోయి ఆగాను. నా గొట్టంలో నీటి అణువులు అచ్చం ఇలాగే వెళతాయి మరి!

పదకొండు దాటాక నిజామాబాద్. స్టేషన్ బయట చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. బోధన్ బస్సులో ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ ఉచితం, సీటు మాత్రం మన అదృష్టం. నాకు అదృష్టం లేదు.

బస్టాండులో గంగారాం గారు బైకు మీద ఎదురుచూస్తున్నారు. లావణ్యలాగే నేనూ ఆయన్ని బాపూ అనే పిలుస్తాను. "ఎండల పడి వచ్చినవ్ బిడ్డా, ముందుగాల తిను," అని ఇంట్లో జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం పెట్టించారు. తినగానే కొబ్బరికాయ సంచిలో వేసుకుని నన్ను తోటకు తీసుకెళ్లారు.

"గిక్కన్నే లేసింది. నీళ్లున్నయా, లెవ్వా? నువ్వేమంటే గదే."

లేవు అంటే చాలు, వచ్చిన పని అయిపోతుంది. కానీ అంత నమ్మకంగా చూస్తున్న మనిషికి తెలియని సంగతి తెలిసినట్టు ఎలా చెప్పను? నాకు తెలిసిన నీళ్ల సంగతే చూపిద్దామని చెరుకు గడ మీది తెల్లటి పొడిపై నా సీసాలో నీళ్లు పోశాను. అంటకుండా బొట్లుబొట్లుగా దొర్లిపోయాయి.

"చూశారా బాపూ, దీనికి నీళ్లు గిట్టవు. కంప్యూటర్లో నాదో సన్నని గొట్టం ఉంది, దాని లోపలి గోడకూ అంతే. అయినా నీళ్లు అందులో దూరతాయి. ఒక్కో అణువు ముందుదాని చెయ్యి పట్టుకుని వరసగా వెళుతుంది. గోడ పట్టి ఆపదు కదా, మహా జోరుగా పోతాయి."

"గిట్టనింటికి ఎందుకు పోతయ్?"

"అదే నా గోల! గొట్టం కాసేపు నిండుతుంది, కాసేపటికి ఎండుతుంది. ఎప్పుడు నిండుతుందో ముందే చెప్పమంటే నాకు తెలియదు."

"గొట్టం చేసిందెవలు?"

"నేనే."

ఆయన పగలబడి నవ్వారు. "నువ్వు చేసిన గొట్టంల నీళ్లే నీకు తెల్వకపాయె! భూమిల సంగతి గీ కాయకేమెరుక?"

అంటూనే కాయను రాయికేసి కొట్టారు. బోరు బండివాడికి ఫోన్ చేసి రావద్దన్నారు. "భూమిల నీళ్లు సూసే సర్కారోళ్లు ఉంటరు గద, ఆళ్లనే అడుగుత," అని నీళ్లు మిగిలిన చిప్ప నా చేతిలో పెట్టారు.

సాయంత్రం రైల్లో సంచి నిండా బెల్లం, భుజాన చెరుకు గడ. "అక్కా, కండ్లల్ల పొడుస్తవా ఏంది?" అని పక్కాయన కసిరాడు. సగం విరిచి ఇస్తే చల్లబడ్డాడు. బోధన్ నుంచి తిరిగొచ్చేటప్పుడు గడలను ముక్కలు చేయించుకునే రైలెక్కండి.

ఇంతలో లావణ్య ఫోన్. "బాపు బండి వద్దన్నడంట! ఏం చెప్పినవే?"

"నాకు తెలియదని చెప్పాను."

"గంతేనా? గది నేను సుత చెప్తుంటి గద! మరి నీళ్లో?"

"కొబ్బరికాయలో పడ్డాయి. నేనూ బాపూ చెరో గుక్క తాగాం. తియ్యగా ఉన్నాయి."