వాడిన నాచు

సముద్రం ముఖం చూడని మా కడప జిల్లాకు సముద్రపు నాచు తెప్పించిన ఘనత నాదే. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పుకుంటూ గమ్మున ఉండొచ్చు కదా, ఉండలేదు. మైదుకూరు అవతల ఒక పల్లెలో బోరునీళ్లలో యురేనియం తేలింది. ఎండు నాచును డ్రమ్ములో నింపి అందులోంచి నీళ్లు వదిలితే, ఆ లోహం నాచుకు అంటుకుని మంచినీళ్లు వస్తాయి. ప్రారంభానికి పెద్దలొచ్చారు. నాచు మహిమ గురించి గంటసేపు మాట్లాడి, వెంట తెచ్చుకున్న సీసా నీళ్లు తాగి వెళ్లిపోయారు. నాకు శాలువా కప్పారు, అదీ మండుటెండలో.

డ్రమ్ము పెట్టింది ఒక ఒంటరి ఆడమనిషి ఇంటి ముందు. అరెకరం చీనీ తోటే, అంటే బత్తాయి తోటే, ఆమె బతుకు. అక్కా అని పిలిచేవాడిని. నెల తిరిగాక నాచు మార్చి, వాడినదాన్ని సంచిలో కడుతుంటే అడిగింది.

“సారూ, నీళ్లల్లో ఉండే విషం యాడికి పాయ?”

“నాచులోకి వచ్చిందక్కా.”

“మరి నాచు యాడికి పోతాది?”

“గుంత తీసి పూడ్చాలి.”

“ఎవురి చేన్లో?”

దేవుడా! ‘స్థానికంగా పూడ్చబడును’ అని ప్రాజెక్టు కాగితంలో రాసింది నేనే. ఆ స్థానికం ఎవరిదో ఆలోచించలేదు. సిగ్గేసింది.

“నా తోటలో వద్దు సారూ. నాకుండేది అదొక్కటే.”

“నేను తీసుకపోతాలేక్కా” అని గొప్పగా సంచి కారులో వేసుకున్నాను.

ఒక ఆఫీసులో, ఇది నీళ్లు కాదు కాబట్టి మాకు సంబంధం లేదన్నారు. ఇంకోచోట, ఇది మామూలు చెత్త కాదన్నారు. మూడోచోట, ఇంత కొంచెమైతే మా లెక్కలోకి రాదన్నారు. నాలుగోచోట “మేకలకేయండి సార్” అని నవ్వారు. ఇంటికి తెస్తే మా ఆవిడ గుమ్మంలోనే ఆపేసింది.

“పిల్లలుండే ఇల్లు. అది లోపలికొస్తే నేను మాయమ్మ కాడికి పోతా.”

ఆమెననడం ఎందుకు, నాకూ భయమే. చదువుకున్నవాడిని కదా, ఇంకాస్త ఎక్కువ.

నాలుగో రోజు అదే సంచితో పల్లెకు పోయాను. దారి పొడవునా సాకులు కూర్చుకున్నాను. ఆమె సంచి చూసింది, నా ముఖం చూసింది, తోటలోకి నడిచింది. ఓ మూల రెండు చీనీ చెట్లు నరికేసి ఉన్నాయి. వాటి మధ్య నడుములోతు గుంత.

“నువ్వు తీసకపోయిన పొద్దే తవ్వినా సారూ” అంది.

“చెట్లెందుకు కొట్టేశావక్కా?”

“ఈడ కాసిన కాయ ఎవురి బిడ్డ తింటాదో ఏమో.”