ఎవరి జీపూ ఎక్కని అక్క

అక్క పోయిందని ప్రొద్దుటూరు నుంచి ఫోన్ వచ్చింది. పొయ్యి మీద తిరగమాత మాడిపోతున్నా నాకు పట్టలేదు. మొగుళ్ల చేతుల్లో దెబ్బలు తిన్న ఆడవాళ్ల కోసం జమ్మలమడుగు, పులివెందుల పల్లెలన్నీ తిరిగిన మనిషి ఆమె. నాకు ఈ పని నేర్పిందీ ఆమే.

ఫ్యాక్షన్ రోజులవి. పెళ్లాన్ని కొట్టినవాడు ఒక పార్టీ వాడైతే, ఆమె చేత కేసు పెట్టించడానికి రెండో పార్టీ కాచుకుని ఉండేది. జాలితో కాదు. అందుకే అక్క ఆర్టీసీ బస్సులోనే తిరిగేది, ఎవరింట్లోనూ కాఫీ కూడా తాగేది కాదు. సంచిలో వేయించిన చెనిక్కాయలుండేవి. ఆకలి అంటే అవే పెట్టేది.

ఒకసారి జమ్మలమడుగు దగ్గర పల్లెలో ఒకామెకు మొగుడు చెయ్యి విరగ్గొట్టాడు. మేం ఆమెను రోడ్డు మీదికి తీసుకొచ్చేసరికి ఎదుటి పార్టీ జీపు వచ్చి ఆగింది. ఆసుపత్రికీ స్టేషనుకూ తామే తీసుకుపోతామన్నారు. మొగుడి మనుషులు అరుగు మీద కూర్చుని చూస్తున్నారు. బస్సు జాడ లేదు. చెయ్యి వాచిపోయి ఆమె కళ్లు తేలేస్తోంది. ఎక్కిద్దామక్కా, మనిషి చచ్చిపోయేటట్టుంది అని నేను కసురుకున్నాను. అక్క ఆమె వైపు తిరిగింది.

"జీపెక్కితే తొందరగా పోతావు మే. కానీ కేసు నీది కాదు, వాళ్లదయితాది. రేపు వాళ్లూ వాళ్లూ రాజీ అయితే నీ చెయ్యి ఇరిగిందనే మాటే ఉండదు. ఎక్కుతావో లేదో నువ్వే చెప్పు."

ఆమె ఒకసారి అరుగు వైపు, ఒకసారి జీపు వైపు చూసింది. "బస్సుకే పోతా" అంది.

ఆమెకేమైనా అయితే నీదే పూచీ అని అక్కకు వేలు చూపించి జీపు వాళ్లు వెళ్లిపోయారు. బస్సు వచ్చేదాకా ఇద్దరం ఆమెకు చెరోవైపు కూర్చున్నాం. ప్రొద్దుటూరులో డాక్టరు కట్టు వేశాకే నాకు ఊపిరాడింది. మర్నాడు ఆమె తన పేరుతో ఫిర్యాదు ఇచ్చింది. నా తొందరపాటును అక్క తర్వాతెప్పుడూ ఎత్తిచూపలేదు. నేనూ నోరు తెరిచి తప్పు ఒప్పుకోలేదు. ఇప్పుడు అదే బాధ.

నెల తిరక్కుండానే రెండు పార్టీలూ రాజీ అయ్యాయి. ఒకరి మీద ఒకరు పెట్టుకున్న కేసులన్నీ వదులుకున్నారు. రెండు వైపుల పెద్దమనుషులూ కలిసి మా సంఘం ఆఫీసుకు వచ్చి, ఊరు చల్లబడింది, ఈ పాప కూడా కేసు తీసేసుకుంటే సరిపోతుందని అక్కతో చెప్పారు. అక్క, బల్ల పక్కన కట్టు చేత్తో కూర్చున్న ఆమె వైపు తిరిగింది.

"నన్నడిగి రాజీ అయినారా అప్పా?" అందామె.

అక్క తన భుజం మీది తువ్వాలు తీసి, మడత పెట్టి, బల్ల మీద ఆనించిన ఆమె కట్టు చేతి కింద మెల్లగా సర్దుతోంది.