బల్ల మీద పెట్టిన పాలసీ

పోతిరెడ్డిపల్లిలో లింగం ఇంటి వెనక ఒక రేకుల షెడ్డు ఉంది. అందులో సిమెంటు దిమ్మె, దిమ్మెలోంచి పైకి లేచిన నాలుగు బోల్టులు. మొన్న డిసెంబరు దాకా ఆ బోల్టులకు గ్రైండింగ్ మెషిన్ బిగించి ఉండేది. రిటైరైనప్పుడు వచ్చిన గ్రాట్యుటీతో కొన్నాడు. గుమ్మడిదల మందుల కంపెనీల్లో మాత్రలు ఒత్తే పంచ్‌లు అరిగితే అతని దగ్గరికే వచ్చేవి. మిల్లీమీటరులో నూరో వంతు తేడా ఉన్నా లింగం వాటిని తిరిగి ఇచ్చేవాడు కాదు.

ఆ మెషిన్ అమ్ముకునే గతి పట్టించింది చంద్రకాంత్. ఈ మాట లింగం ఊరికే అనడు.

ఇద్దరూ పటాన్‌చెరులో ఒకే ఫ్యాక్టరీ, ఒకే టూల్ రూం. లింగం గ్రైండింగ్ చేసేవాడు, చంద్రకాంత్ ఇన్‌స్పెక్టర్. షిఫ్టు అయ్యాక బస్సు దొరకదన్న తొందరలో లింగం ఖాళీ జాబ్ కార్డు మీదే సంతకం పెట్టి ఇచ్చేవాడు. కొలతలు తర్వాత చంద్రకాంత్ నింపేవాడు. అందరూ అలాగే చేసేవారు. ముప్పై ఏళ్లలో చంద్రకాంత్ ఒక్క అంకె తప్పు రాయలేదు.

రిటైరయ్యాక చంద్రకాంత్ బీమా ఏజెంటు అయ్యాడు. పాత ఉద్యోగులకు ఫ్యాక్టరీ ఇచ్చే ఆరోగ్య బీమా ఏడాదికి మూడు లక్షల దాకే. అది చాలదని అందరికీ తెలుసు. ఆ పైన అయ్యే ఖర్చుకు టాపప్ పాలసీ తీసుకోమని మార్చి చివరి వారంలో అతను లింగం షెడ్డుకు వచ్చి చెప్పాడు. లింగం ఒక్కటే అడిగాడు.

"ఏడాదిల వచ్చిన బిల్లులన్నీ కలిపి మూడు లచ్చలు దాటితే ఇస్తరా, ఒక్క బిల్లే గంత దాటాల్నా?"

"కలిపే, లింగన్నా. నేను సూసుకుంట గద."

లింగం చేతికి అంటిన నూనె తుడుచుకుని, ఖాళీ ఫారం మీద సంతకం పెట్టాడు.

ఆగస్టులో భార్య నర్సింహమ్మకు గుండెలో స్టెంటు వేశారు. రెండు లక్షల నలభై వేలు. డిసెంబరులో బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగింది. రెండు లక్షల ముప్పై వేలు. ఫ్యాక్టరీ బీమా మూడు లక్షల దగ్గర ఆగిపోయింది. మిగిలిన లక్షా డెబ్బై వేలకు టాపప్ కంపెనీ పైసా ఇవ్వలేదు. ఏడాది బిల్లులన్నీ కలిపి చూసేది సూపర్ టాపప్ అట. ఇది మామూలు టాపప్, ఒక్క బిల్లే మూడు లక్షలు దాటాలట. అరవై దాటినవాళ్లకు సూపర్ టాపప్ ఇవ్వాలంటే రక్త పరీక్షలు కావాలి. అవి ఏప్రిల్ దాకా తేలవు. ఏజెంటు టార్గెట్ మార్చి ముప్పై ఒకటితో ముగుస్తుంది. ఇదంతా లింగం తర్వాత ఒక్కొక్కటే కూడగట్టాడు.

ఫోన్ చేస్తే చంద్రకాంత్ ఒక్క మాట అన్నాడు. "సంతకం నీదే గదనే."

బొల్లారం నుంచి వచ్చినవాళ్లు మెషిన్‌ను ట్రాలీ ఎక్కిస్తుంటే లింగం ఆ మాటనే నమిలాడు.

అతను కేకలు వేయలేదు. జనవరి అంతా మోపెడ్ మీద పటాన్‌చెరు, వెలిమెల తిరిగాడు. చంద్రకాంత్ దగ్గర పాలసీ తీసుకున్న పాత ఉద్యోగులు నలభై ముగ్గురు. ఒక్కొక్కరి కాగితం జిరాక్సు తీయించి, భూతద్దం పెట్టి అక్షరం అక్షరం చదివాడు. ముప్పై ఎనిమిది మామూలు టాపప్‌లే. టూల్ రూంలో పనికిరాని ముక్క మళ్లీ మంచివాటిలో కలవకుండా ఎర్ర రంగు పూస్తారు. లింగం కూడా డబ్బా కొని, ఆ ముప్పై ఎనిమిది జిరాక్సుల మూలకు ఎర్ర గీత గీశాడు. మనోడి మీద పగ ఏందని కొందరు మందలించారు. పగే, అని ఒప్పుకున్నాడు.

పాలసీ గడువు మార్చి చివర. వేరే కంపెనీకి మారాలంటే నలభై ఐదు రోజుల ముందే దరఖాస్తు పెట్టాలి. అందుకే ఫిబ్రవరి మొదటి ఆదివారం రిటైర్డ్ ఉద్యోగుల సంఘం మీటింగ్‌లో ఆ కట్ట తెచ్చి అధ్యక్షుడు అంజన్న ముందు పెట్టాడు. అంజన్న ఒకప్పుడు వాళ్ల ఫోర్‌మన్.

చంద్రకాంత్ లేచి తన ఫైలు పైకెత్తాడు. "నాకు గూడ గిదే కంపెనీ, గిదే పాలసీ. ఖరాబైందని తెలిసి నా పెండ్లానికి నేను తీసుకుంటనా?"

హాల్లో కొన్ని తలలు ఊగాయి. లింగం చంద్రకాంత్ వైపు తిరిగి రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు.

"బల్ల మీద పెట్టు, సార్."

టూల్ రూంలో పనివాడికీ ఇన్‌స్పెక్టర్‌కూ తగాదా వస్తే ముక్కను కొలత బల్ల మీద పెట్టేవారు. ఇద్దరూ చేతులు వెనక్కి కట్టుకుంటే మూడోవాడు కొలిచేవాడు. పెట్టనంటే ఓడినట్టే. ముప్పై ఏళ్లు ఆ బల్ల దగ్గర అందరినీ నిలబెట్టింది చంద్రకాంతే. ఇంటికాడ చూపిస్తానని అతను గొణిగాడు. అంజన్న చెయ్యి చాచి ఫైలు తీసుకుని, అద్దాలు సర్దుకుని పైకి చదివాడు.

సూపర్ టాపప్. మార్చి ఐదో తేదీ. లింగం సంతకానికి మూడు వారాల ముందు.

ఎవరూ తిట్టలేదు. ఎదురుగా ఉన్నవాళ్లు కుర్చీలు జరుపుకుని వెనక్కి తిరిగి కూర్చున్నారు. ఆ గడువు దాటకముందే ముప్పై ఎనిమిది మందీ సూపర్ టాపప్‌కు దరఖాస్తు పెట్టుకున్నారు. ఏడాదికి ఐదారు వేలు ఎక్కువని సణిగారు గానీ వెనకాడలేదు. మిగతా ఐదుగురు కూడా ఏజెంటును మార్చారు. లింగం హైదరాబాద్‌లో బీమా అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు కూడా పంపాడు.

ఏప్రిల్‌లో చంద్రకాంత్ షెడ్డుకు వచ్చాడు. కూర్చోమని లింగం అనలేదు.

"లచ్చా డెబ్బై నేనే ఇస్త, లింగన్నా. ఫిర్యాదు వాపస్ తీస్కో. ఏజెన్సీ పోతది."

నర్సింహమ్మ వాకర్ పట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఒప్పుకోమన్నట్టు భర్తను చూసింది. లింగం అల్మారాలోంచి ఒక తెల్ల కాగితం తీసి, పెన్ను మూత విప్పి దిమ్మె మీద పెట్టాడు.

"సంతకం పెట్టు. రాసేది తర్వాత నేను నింపుకుంట."

చంద్రకాంత్ పెన్ను తీసుకున్నాడు. కాగితం మీదికి వంగాడు, తిప్పి వెనక వైపు చూశాడు, మళ్లీ తిప్పాడు. "ఏం రాస్తవో జెర చెప్పు."

"ముప్పై ఏండ్లు నేను అడిగిన్నా?"

పెన్ను దిమ్మె మీద పెట్టేసి చంద్రకాంత్ వెళ్లిపోయాడు. గేటు చప్పుడయ్యేదాకా లింగం కదల్లేదు.

చేతికొచ్చిన పైసలు పోగొట్టావని నర్సింహమ్మ ఆ రోజంతా అతనితో మాట్లాడలేదు. లింగం పీట వేసుకుని కూర్చుని, తుప్పు పట్టకుండా నాలుగు బోల్టులకూ గ్రీజు పూశాడు.