మోకాలిచిప్పలు ఇటు చూడాలి

ఓక్ దోంగ్సు ఎవరి ముఖమూ చూడడు, మోకాళ్ళు చూస్తాడు. ఎముకల ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే మనిషి కాబట్టి ఆ గదిలో చూస్తే ఎవరూ తప్పుపట్టరు. కానీ ఈ మహానుభావుడికి సంతలోనూ, బస్టాపులోనూ, చావింట్లోనూ అదే పని.

మేనల్లుడి పెళ్ళిలో ఫొటోగ్రాఫరు అందరినీ నవ్వమంటుంటే దోంగ్సు వెనక వరసలోంచి కేకేశాడు: "ఆగవయ్యా! పెళ్ళికొడుకు మోకాలిచిప్పలు ఇటు చూడట్లేదు!" ఆ ఫొటోలో పెళ్ళికూతురు తప్ప చుట్టాలందరూ కిందికే చూస్తుంటారు.

ఫిల్‌సున్ అవ్వకూ ఆయన అలాగే పరిచయం. నమ్హే దీవిలో వెల్లుల్లి మళ్ళ మధ్య జీవితమంతా గొంతుక్కూర్చుని కలుపు తీసిన కాళ్ళు ఆవిడవి. రెంటి మధ్యా కుక్కపిల్ల దూరేంత సందు. దోంగ్సు ఆవిడ చెప్పులు విప్పించి, నిలువెత్తు పలక ముందు నిలబెట్టి, చిప్పలు ముందుకు తిప్పించి, తుంటి నుంచి పాదం దాకా ఒకే ఫొటో తీశాడు. తెర మీద తుంటి నుంచి చీలమండకు ఒక గీత గీశాడు.

"చూడవ్వా, ఈ గీత మోకాలి మధ్యలోంచి పోవాలి. నీది మోకాలిని పట్టించుకోకుండా పక్కనుంచి వెళ్ళిపోయింది."

"నన్ను ఎవరు పట్టించుకున్నారు బాబూ, గీత పట్టించుకోవడానికి?"

"పన్నెండు డిగ్రీల వంకర! దీవి మొత్తం మీద నీదే మొదటి స్థానం!" అన్నాడు, బహుమతి ఇస్తున్నట్టు.

అప్పటినుంచి సంతలో ఎక్కడ కనబడినా అదే కేక: "పన్నెండు డిగ్రీలవ్వా! అన్నం తిన్నావా? మోకాలెలా ఉంది?" అవ్వ క్యాబేజీ సంచి కింద పెట్టి మొదలుపెట్టేది. మోకాలి కథ మెట్లమీంచి, వానమీంచి, తాళం పడిన పక్కింటి దాకా వెళ్ళేది. ఒక్కదానికి ముల్లంగి పులుసు పెట్టుకుంటే ఎన్నాళ్ళకీ తరగదని కూడా చెప్పేది. మళ్ళీ సంత వచ్చేదాకా ఆవిడను పలకరించే మనిషి ఉండేవాడు కాదు. టీవీలో వార్తలు చదివే పిల్ల "నమస్కారం" అంటే ఆవిడే బదులు చెప్పేది.

ఆపరేషన్ చేసి కాళ్ళు తిన్నగా చేస్తానన్నాడు డాక్టరు. నొప్పికి ఇంటి మెట్లు వెనక్కి తిరిగి దిగుతున్నా, అవ్వ మాత్రం వాయిదాలు వేస్తూనే ఉంది. కత్తికి భయమనుకున్నారు అందరూ. చివరికి ఎక్స్‌రే గదిలో అసలు సంగతి బయటపెట్టింది.

"కాళ్ళు తిన్ననైతే నువ్వు నన్ను గుర్తుపట్టవు కదా బాబూ. అప్పుడు నన్ను పిలిచేదెవరు?"

దోంగ్సు పలక సరిచేశాడు. "కదలకు అవ్వా. చిప్పలు ఇటు చూడాలి," అని మాత్రం అన్నాడు. అవ్వకు మనసు చివుక్కుమంది.

ఆఖరికి నొప్పే గెలిచింది. వసంతకాలం సంతకు అవ్వ కొత్త కాళ్ళతో వచ్చింది, జానెడు పొడుగైనట్టు. చేపలమ్మే ఆవిడ "మీరు ఫిల్‌సున్ గారి చెల్లెలా?" అని అడిగింది. పులుసు కొట్లో దోంగ్సు తలవంచుకుని తింటున్నాడు. ఆయన ముందునుంచి ఆ తిన్నని కాళ్ళు నడిచి వెళ్ళిపోయాయి. కేక రాలేదు. అయిపోయింది, ఇక నన్నెవరూ పిలవరు అనుకుంది అవ్వ.

"ఫిల్‌సున్ అవ్వా! అన్నం తిన్నావా?"

అవ్వ గిర్రున తిరిగింది. "ఈ తిన్నని కాళ్ళు చూసి ఎలా పోల్చుకున్నావయ్యా?"

"కాళ్ళెవరు చూశారు? నువ్వు వస్తున్నప్పుడే చూశాను, నోట్లో ముద్ద ఉండి వెంటనే పిలవలేకపోయాను. ముఖం చూసే పిలిచాను."

"నీకు ముఖాలు తెలియవు కదా!"

"అందరివీ తెలుసు. ఎలా ఉన్నావంటే అందరూ బాగున్నానని చక్కా పోతారు. మోకాలెలా ఉందని అడిగితే ఎంత బింకం మనిషైనా సంచి దించి నిలబడతాడు. ఇంకేం అడగక్కర్లేదు."

అవ్వ ఆయన బల్ల వంక చూసింది. ఒకే గిన్నె, ఒకే చెంచా, ఎదురుగా ఖాళీ పీట. సంచి దించి ఆ పీట మీద కూర్చుంది.

"అది సరే, నీ మోకాలెలా ఉంది బాబూ?"

"నాదా? బాగానే..." అంటూ ఆగిపోయాడు దోంగ్సు. ఆ మాట ఆయన్ని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. చెంచా కింద పెట్టాడు. "కుడిది అవ్వా, మేడ మెట్లు ఎక్కి గది తాళం తీసేటప్పుడు..."

కొట్టు నడిపే ఆవిడ ఆయన పులుసు రెండుసార్లు వేడిచేసి ఇచ్చింది. ఆ కథ మధ్యలోనే అవ్వ బల్ల కిందికి తొంగి చూసి గదమాయించింది: "ముందు చిప్పలు ఇటు తిప్పు, తర్వాత చెప్పు!"